రాక్ బ్యాండుకి సన్నాయి మేళం

ఐర్లండ్‌లో ఎన్నిస్ అనే ఊళ్ళో, చర్చి వాళ్ళ పారిష్ హాల్లో, ఊరి పెద్దలందరినీ టీ కప్పులతో కూర్చోబెట్టి, వాళ్ళు ప్రాణంగా చూసుకునే రాక్ బ్యాండు గిటారు వాయిస్తున్న ఘట్టంలో సన్నాయి మేళం వినిపించిన ఘనత నాది. అది కూడా ఒకావిడ సంవత్సరీకం నాడు. ఇంత చెప్పాక కూడా మీరు చదువుతున్నారంటే, నా పరువు ఎలా పోయిందో చూడాలని మీకు బాగానే సరదాగా ఉందన్నమాట. సరే, కూర్చోండి.

బ్యాండు పేరు మాత్రం చెప్పను. వాళ్ళ అభిమానులు క్లేర్ కౌంటీ నిండా ఉన్నారు. రేపు పొద్దున్న నేను వాళ్ళ మధ్యే పాలూ బ్రెడ్డూ కొనుక్కోవాలి. భుజాల దాకా జుట్టు, బెల్ బాటం ప్యాంట్లు, ఎవరి మీదో తెలియని కోపం. అలాంటి నలుగురు కుర్రాళ్ళ బ్యాండు అని ఊహించుకోండి, సరిపోతుంది.

అప్పటికి మేం ఐర్లండ్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నాకు తల నిండా జుట్టూ, అంతకు మించిన ఆత్మవిశ్వాసమూ ఉండేవి. షానన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎన్నిస్‌లో అద్దె ఇల్లు. ఇంటి ఓనరు మ్యాటీ, ఆయన భార్య నోరీన్ పక్కింట్లోనే ఉండేవారు. మా ఆవిడ పద్మది తణుకు. అంత పెద్దాయనను పేరు పెట్టి పిలవడానికి నోరు రాక "మ్యాటీగారూ" అనేది. గారు అంటే ఏమిటో అడిగి తెలుసుకుని ఆయన మురిసిపోయాడు. ఆ ఏడు మాకిచ్చిన క్రిస్మస్ కార్డు మీద "మ్యాటీగారు" అనే సంతకం చేశాడు.

ఆదివారాలు సాయంత్రం వాళ్ళింట్లో టీ. పద్మ పకోడీలు తీసుకెళ్ళేది, నోరీన్ సోడా బ్రెడ్ కోసేది. ప్యాట్ జో అనే వాళ్ళ స్నేహితుడు కూడా వచ్చేవాడు. ఊరి బయట ఆవులను పెంచుకునే బ్రహ్మచారి. వచ్చి కూర్చుంటే కుర్చీకి తోడు ఇంకో కుర్చీ ఉన్నట్టే, అంత నిశ్శబ్దం. టీ రెండో కప్పులో పడగానే మ్యాటీ ఆ కచేరీ సంగతి ఎత్తేవాడు.

"టీవీ వాళ్ళు డబ్లిన్ నుంచి వ్యానులేసుకుని మా డాన్సు హాలుకి వచ్చారు శ్రీనీ. ఇప్పుడు అక్కడ కార్పెట్ల దుకాణం ఉందే, అదే. కచేరీ మొత్తం లైవు. ఇప్పటిలా తీసిందే తీసి అతికించడాలు లేవు. తప్పు వస్తే తప్పుతో సహా దేశమంతా చూడాల్సిందే. సరిగ్గా పాట మధ్యలో గిటారు తీగ తెగింది."

"తెగితే?"

"కెమెరావాడికి ఏం చెయ్యాలో తెలియలేదు. కంగారులో కెమెరాని జనం మీదికి తిప్పాడు. ముందు వరసలో నోరీన్. సరిగ్గా అప్పుడే వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. అంతే, నా పని అయిపోయింది."

"నిన్నెవరు చూశారు?" అనేది నోరీన్, బ్రెడ్ మీద వెన్న రాస్తూనే. "వెనక కుర్చీ మీద నా కోటు పెట్టాను. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని తిరిగాను."

"కోటు వైపు చూసి ఎవరైనా అలా నవ్వుతారా?"

"మంచి కోటు అది."

ప్యాట్ జో చక్కెర కలుపుకుంటూ ఉండేవాడు. పెళ్ళైన నాటి నుంచీ ఈ దావా నడుస్తూనే ఉంది, తీర్పు రాలేదు. వింటుంటే నాకు మా ఇంటి దూరదర్శన్ రోజులు గుర్తొచ్చేవి. కచేరీ మధ్యలో బొమ్మ ఆగిపోయి, అంతరాయానికి చింతిస్తున్నామన్న అట్ట ముక్క కనబడితే, వీధి వీధంతా దాన్నే కన్నార్పకుండా చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆ అంతరాయాల్లో మాకెవరూ నోరీన్‌లు కనబడలేదు, అదొక్కటే తేడా.

ఆ చలికాలం నోరీన్ పోయింది. ఎక్కువ రోజులు మంచాన పడలేదు. మ్యాటీ ఏడవలేదు. మా బాయిలర్ బాగానే పనిచేస్తున్నా రోజూ వచ్చి చూసి వెళ్ళేవాడు. పద్మ టీ ఇస్తే తాగేవాడు. కచేరీ సంగతి ఎత్తడం మానేశాడు. ఎత్తితే కాదనే మనిషి లేదు కదా.

ఒకరోజు బాయిలర్ చూడడం అయ్యాక, చేతిలోని ప్లాస్టిక్ సంచీలోంచి ఒక పాత వీడియో క్యాసెట్టు తీశాడు. ఆ కచేరీ టీవీలో వచ్చినప్పుడు షానన్‌లోని చుట్టమెవరో రికార్డు చేసి ఇచ్చాడట. అన్నేళ్ళూ అది హాట్ ప్రెస్‌లో, అంటే వేడినీళ్ళ ట్యాంకు పెట్టే అల్మారాలో, తువ్వాళ్ళ కింద ఉంది. దాన్ని వేసే మిషను ఎప్పుడో పాడైపోయింది.

"శ్రీనీ, నువ్వు కంప్యూటర్ల మనిషివి. ఆమెను ఇందులోంచి బయటికి తీయగలవా?" అన్నాడు. "ఫోటోలు ఉన్నాయి. కానీ అవి కదలవు."

నేను ఆఫీసులో చేసే పని, ఇన్సూరెన్సు కంపెనీల స్క్రీన్ల మీద బటన్లు సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా చూడడం. అయినా "నువ్వు కంప్యూటర్ల మనిషివి" అని ఎవరైనా అంటే, కాదండీ అనే తెలుగువాడు ఇంకా పుట్టలేదు.

"ఎంతసేపు మ్యాటీగారూ, మన చేతిలో పని," అన్నాను.

లిమరిక్‌లో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆయన దాన్ని వాసన చూసి, "ఇది ఒక్కసారి తిరుగుతుంది, రెండోసారికి నా పూచీ లేదు," అన్నాడు. చెప్పినట్టే ఒక్కసారి తిరిగి, టేపు ముక్కలైపోయింది. చేతికొచ్చిన వీడియోలో అంతా గీతల వాన. ఆ వానలో నలుగురు తలలు ఊపుతున్నారు. తీగ తెగినప్పుడు రెప్పపాటు కాలం జనం కనబడ్డారు. పసుపు గౌనులో ఒక అమ్మాయి, నోరీనే. పక్కన చారల చొక్కా వేసుకుని, పొదలాంటి జుట్టుతో ఒక కుర్రాడు. మ్యాటీ అన్నమాట, అనుకున్నాను.

ఎందుకనుకున్నానూ అంటే, మనకు ఫోటోలో ఆడమనిషి పక్కన నిలబడ్డవాడు మొగుడు అయి తీరాలి. కాకపోతే అన్నయ్య అయినా కావాలి. ఊరికే నిలబడే హక్కు ఎవరికీ లేదు.

ఇక ఆ వాన తుడవాలి. నాకు వెంటనే మా బావమరిది సత్తిబాబు తట్టాడు. తణుకులో వాడికి స్టూడియో ఉంది.

"మా తమ్ముడు చేసేవి పెళ్ళి వీడియోలండీ," అంది పద్మ. "వాడికి ఇంకోటి రాదు. వద్దు."

"క్లీనింగ్ ఎవరు చేసినా క్లీనింగే," అన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ మా ఇంట్లో నాకు నెలకోసారైనా సన్మానం జరుగుతుంది.

సత్తిబాబుకి వీడియో పంపి ఫోన్ చేశాను.

"చూశానండి బావగారు. ఇందులో జంటెవరండి?"

"ముందు వరసలో పసుపు గౌను అమ్మాయి నోరీన్, పక్కన చారల చొక్కా కుర్రాడు మ్యాటీ. జంట ముఖ్యం సత్తిబాబూ. మిగతాదంతా నీ ఇష్టం."

"మరి ఆ పాటగాళ్ళండి?"

"వాళ్ళూ ఉండాలి."

"ఉంటారండి. మేళం లేకుండా ఎలాగండి."

అక్కడ నాకు అనుమానం రావాలి. రాలేదు. పైగా నేనే ఇంకాస్త ముందుకెళ్ళాను.

"జంటలో ఒకరు పోయారు. సంవత్సరీకం నాడు వేస్తున్నాం. చూసినవాళ్ళకి కన్నీళ్ళు రావాలి."

"ఆయ్. తెప్పిస్తానండి."

ఇక్కడ సంవత్సరీకానికి చర్చిలో పూజ చేయించి, తర్వాత పారిష్ హాల్లో టీ, శాండ్‌విచ్‌లు పెడతారు. ఆ టీ సమయంలో వీడియో వేద్దామని మ్యాటీ అందరికీ చెప్పుకున్నాడు. ఆయన ఆశ అంతా ఒక్కటే, నోరీన్ మళ్ళీ ఒక్కసారి కదిలితే చూడాలి. సత్తిబాబు ఫైలు ఆ రోజు పొద్దున్నే దిగింది. ఫోనులో ఎక్కడో మధ్యలో నొక్కి చూశాను. పాటగాడి ముఖం మీద చెమట చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత తేటగా ఉంది. "చూశావా మీ తమ్ముడి పని," అని పద్మకి చూపించి, పెన్ డ్రైవులో వేసుకుని బయల్దేరాను. మొదటి నుంచి చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు, నా పరువు ఉండేది.

హాలు నిండిపోయింది. ఆ రోజుల్లో ఆ డాన్సు హాల్లో గెంతినవాళ్ళందరూ వచ్చారు. ఒకాయన బ్యాండు బొమ్మ ఉన్న పాత టీషర్టు వేసుకొచ్చాడు, అది ఆయన బొజ్జను సగం వరకే ఒప్పుకుంది. మ్యాటీ ముందు వరసలో. ఆయన పక్కన ప్యాట్ జో, మెడకు టై కట్టుకుని మరీ వచ్చాడు. ఇటు పక్క ఫాదర్. నేను గొంతు సవరించుకుని, "ఇది మా కుటుంబం తరఫున చిన్న కానుక," అని ప్రకటించి బటన్ నొక్కాను.

తెర మీద వినాయకుడు ప్రత్యక్షమయ్యాడు. వెనక దివ్యమైన కాంతి చక్రం, శ్లోకం.

"ఎవరీయన?" అని మర్యాదగా అడిగాడు ఫాదర్.

"ఆటంకాలు తొలగించే దేవుడు, ఫాదర్."

"అయితే ముందు ఆయన్ని పిలవడం మంచిదే."

వినాయకుడు ఆ రోజు వేరే పని మీద ఉన్నాడు. ఎందుకంటే తర్వాత బంగారు అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి నిలబడ్డాయి. "మ్యాటీ వెడ్స్ నోరీన్." కింద రెండు ఎర్రని హృదయాలు. ఒక దాంట్లో నోరీన్, ఒక దాంట్లో చారల చొక్కా కుర్రాడు.

హాల్లో తలలన్నీ ఒక్కొక్కటిగా ముందు వరస వైపు తిరిగాయి. మ్యాటీ వైపు కాదు.

"అది నువ్వు కదా ప్యాట్ జో?" అంది వెనక నుంచి ఒక ముసలావిడ.

"నేనే," అన్నాడు ప్యాట్ జో.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వంగి మ్యాటీ చెవిలో, "అది మీరు కాదా?" అన్నాను.

"కాదు. ఆ సాయంత్రం ఆమె వచ్చింది ప్యాట్ జోతో."

"ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదే."

"నువ్వు అడగలేదు."

నోరీన్ వెనక్కి తిరిగి చూసిందని ఆయన వారం వారం చెప్పినా, ఆ "వెనక్కి" నా చెవికెక్కలేదు. ఈలోగా బ్యాండు మొదలైంది. పాటగాడు నోరు తెరవగానే ఆయన చుట్టూ తామరపువ్వు విచ్చుకుంది. డ్రమ్ములవాడు తాజ్‌మహల్ ముందు కూర్చుని బాదాడు. హంసల జంట ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు ఈదింది. ఇక గిటారు. ఆ గిటారు కోసమే ఆ టీషర్టాయన కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి సిద్ధంగా ఉన్నాడు. గిటారిస్టు వేళ్ళు తీగల మీద పరిగెత్తాయి. వినబడింది సన్నాయి. డోలు కూడా ఉంది. టీషర్టాయన ఒక కన్ను తెరిచాడు.

ఐర్లండ్ మనుషుల మంచితనం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇల్లు కాలిపోతున్నా "గ్రాండ్", అంటే అంతా బాగానే ఉందని, అంటారు గానీ ఎదుటివాణ్ణి నొప్పించరు. మా ఊళ్ళో అయితే అప్పటికే కుర్చీలు లేచేవి. ఇక్కడ ఒకావిడ నా వైపు తిరిగి, "రంగులు బాగున్నాయి," అంది. ఆ మర్యాదకి నాకు చచ్చిపోవాలనిపించింది. పద్మ మాత్రం నా వైపు చూడకుండా శాండ్‌విచ్ తింటోంది. మా ఇంట్లో ఆ మౌనానికి ఏం అర్థమో నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే తీగ తెగింది. అసలు కచేరీలో అక్కడ సంగీతం ఆగిపోతుంది. ఆ ఖాళీని చూసి సత్తిబాబు ఊరుకుంటాడా? గట్టిమేళం వేశాడు. కెమెరా జనం మీదికి తిరిగేసరికి, చెవులు చిల్లులు పడే గట్టిమేళంలో, నోరీన్ మీదా ప్యాట్ జో మీదా పైనుంచి అక్షింతలు రాలుతున్నాయి.

చేసిన నష్టం చాలనుకుని, వైరు పీకేద్దామని చెయ్యి చాచాను.

"చెయ్యి తియ్యి శ్రీనీ," అన్నాడు మ్యాటీ.

ఆయన నన్ను చూడడం లేదు. తెర మీద వీడియో మెల్లగా నడుస్తోంది. పెళ్ళికూతురు సిగ్గుతో తల తిప్పుకుంటోందనుకుని సత్తిబాబు ఆ ఒక్క రెప్పపాటునీ ఎంతో నిదానంగా సాగదీశాడు, దగ్గరికి లాగి జంట చుట్టూ మళ్ళీ హృదయం గీశాడు. నోరీన్ తల తిప్పడం మొదలుపెట్టింది. హృదయం అంచు దాటి, ప్యాట్ జో భుజం దాటి, వెనక్కి. స్తంభం చాటున ఒక చెవీ, సగం ముఖమూ కనబడుతున్న ఒక బక్క కుర్రాడి వైపు. అతన్ని చూసింది. అప్పుడు నవ్వింది. ముందు కళ్ళు నవ్వాయి, తర్వాత పెదవులు. మామూలుగా చూస్తే అదంతా దాటిపోతుంది, అన్నేళ్ళూ దాటిపోయింది.

మ్యాటీ లేచి తెర దగ్గరికి నడిచాడు. వేలు పెట్టి చూపించాడు.

"కోటు చూడండి," అన్నాడు.

చూశాం. కోటు ఆమె చేతి మీదే మడత పెట్టి ఉంది.

"దొరికిపోయావు నోరీన్," అన్నాడు ఆయన, మెల్లగా, ఆదివారం టీ దగ్గర అన్నట్టే. అని, ఆమె సమాధానం కోసం కాసేపు ఆగాడు. ఆ ఏడాదిలో మొదటిసారి ఆయన ఏడవడం చూశాను. నేనూ ఏడ్చాను, సిగ్గుపడను. టీషర్టాయన ముక్కు చీదాడు. ఆ నవ్వును అంత దగ్గరగా చూపించిన సన్నాయి మేళాన్ని ఆ క్షణంలో ఎవరూ తప్పు పట్టలేదు.

అక్కడితో ఆగితే నేను గొప్పవాణ్ణి అయిపోయేవాణ్ణి. ఆగలేదు. చివర్లో నోరీన్, ప్యాట్ జోల బొమ్మలు పక్కపక్కన వచ్చాయి. రెంటికీ ఇంత లావు పూలదండలు. రెంటి ముందూ వెలుగుతున్న దీపాలు.

"అయ్యో, బతికున్నాయనకి," అని పద్మ తెలుగులో గొణిగింది.

"ఆ పూలు దేనికి?" అని అడిగాడు ప్యాట్ జో.

"మా వైపు గౌరవనీయులకు వేస్తారు ప్యాట్ జోగారూ," అంది పద్మ, రెప్ప కొట్టకుండా. ఆయన తలాడించి టై సర్దుకున్నాడు.

వీడియో అయిపోయింది. ఎవరేమంటారో తెలియక హాలంతా కప్పుల్లోకి చూసుకుంటోంది. నేను ప్యాట్ జో ముందు నిలబడి, తప్పైపోయిందని, మనుషుల్ని పోల్చుకోలేకపోయానని ఏదేదో అన్నాను. ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు.

"నిజం చెప్పాలంటే, నాకు జరిగిన పెళ్ళి ఇదొక్కటే శ్రీనీ. నాకు బాగానే ఉంది."

మొదట నవ్వింది మ్యాటీ. తర్వాత హాలు హాలంతా.

ఇంటికొచ్చి సత్తిబాబుకి ఫోన్ చేశాను.

"ఇద్దరికీ దండలెందుకు వేశావయ్యా?"

"ఒకరు పోయారన్నారండి, ఎవరో చెప్పలేదండి. ఎందుకైనా మంచిదని ఇద్దరికీ వేశానండి. కన్నీళ్ళు వచ్చాయాండి?"

"వచ్చాయి."

"మరింకేంటండి బావగారు."

తామరలూ హంసలూ లేని కాపీ ఒకటి వాడు వేరేగా పంపితే, అదీ మ్యాటీకి ఇచ్చాను. ఆయన దాన్ని తెరవనే లేదు. ఆదివారాలు టీ దగ్గర వేసేది హృదయాలు ఉన్నదే. కోటు దగ్గర ఆపి, మాకు వేలుతో చూపించి, దావా గెలిచినవాడిలా బ్రెడ్ కోస్తాడు. కచేరీ సంగతి మళ్ళీ ఎత్తుతున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, వానలో, ప్యాట్ జో మా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కోటు జేబులోంచి ఒక పెన్ డ్రైవు తీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని కొనడానికి ఆ మనిషి దుకాణంలో ఎన్ని మాటలు మాట్లాడాల్సి వచ్చిందో.

"ఆ వీడియో నాకూ కావాలి," అన్నాడు. "మొదటి సగం చాలు."

కనుక, ఎన్నిస్ పారిష్ హాలు మీదా, మ్యాటీ ఇంటి హాట్ ప్రెస్ మీదా, నా పోయిన పరువు మీదా ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఫోటోలో పక్కన నిలబడ్డంత మాత్రాన ఎవరినీ ఎవరికీ మొగుణ్ణి చెయ్యను. "మిగతాదంతా నీ ఇష్టం" అనే మాట తణుకు వైపు పంపను. ఏ పెద్దమనిషి వీడియోలోనూ నా ఇష్టప్రకారం కత్తెర పెట్టను. ఈ చివరిది మాత్రం ఒక్కసారి తప్పాను. ప్యాట్ జో కాపీలో గట్టిమేళం, అక్షింతలు అలాగే ఉంచి, నోరీన్ వెనక్కి తల తిప్పకముందే ఆపేశాను.